కాల్విన్ జాన్సన్‌కు తొలి ఓటింగ్‌లోనే హాల్ ఆఫ్ ఫేమ్: అర్హతా, జాలా?

నోవై_నివాసి:
అమెరికన్ ఫుట్‌బాల్ రిసీవర్ల (విసిరిన బంతిని అందుకునేవాళ్ల) మీద నడుస్తున్న పాత థ్రెడ్‌లో గుంటూరు_ఘాటు గారు ఒక మాటన్నారు: “కాల్విన్ జాన్సన్ ఆడింది తొమ్మిదేళ్లు. ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్లలో) గెలిచిన మ్యాచ్‌లు సున్నా. అతన్ని మొదటి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్ల గౌరవ మందిరం) లోపలికి పిలిచి, బంతి అందుకుని దాదాపు 16 వేల యార్డుల దూరం సాధించిన టెరెల్ ఓవెన్స్‌ను మూడోసారి దాకా గుమ్మం బయట నిలబెట్టారు. ఇది అతని జట్టు లయన్స్ మీద జాలి తప్ప ఇంకేం కాదు.” అక్కడ జవాబిస్తే అసలు చర్చ పక్కదారి పడుతుందని ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివారికి నాలుగు ముక్కలు. జార్జియా టెక్ కాలేజీ కుర్రాడు, 2007 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) రెండో పేరుగా డెట్రాయిట్ లయన్స్‌కు వచ్చాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, ముద్దుపేరు మెగాట్రాన్. 135 మ్యాచ్‌లు, 731 క్యాచ్‌లు, 11,619 యార్డులు, 83 టచ్‌డౌన్లు (బంతిని అవతలి జట్టు గీత దాటించి చేసే స్కోర్లు). 2016 మార్చిలో, 30 ఏళ్లకే ఇక చాలన్నాడు. 2021లో పేటన్ మానింగ్, చార్ల్స్ వుడ్సన్‌లతో పాటు హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు.

జాలి అంటున్నారు కదా, 2008 చూడండి. ఆ ఏడాది లయన్స్ ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడిపోయింది. బంతి విసిరేవాళ్లు కిట్నా, ఓర్లోవ్‌స్కీ, కల్‌పెప్పర్ అంటూ మారుతూ వచ్చారు. వైకింగ్స్‌తో మ్యాచ్‌లో ఓర్లోవ్‌స్కీ వెంటపడిన డిఫెండర్‌ను తప్పించుకునే కంగారులో సొంత ఎండ్‌జోన్ (మైదానం చివర స్కోరు చేసే పట్టీ) వెనక గీత దాటేశానని కూడా చూసుకోలేదు. అవతలివాళ్లకు ఊరికే రెండు పాయింట్లు. మ్యాచ్ పోయింది 12-10తో! అలాంటి జట్టులో రెండో ఏడాది ఆడుతున్న కుర్రాడు 1,331 యార్డులు, 12 టచ్‌డౌన్లు చేశాడు. బంతి ఎవరికి వెళ్తుందో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు, అయినా ఆపలేకపోయారు. 2011 అక్టోబర్‌లో డాలస్ డిఫెన్స్ కోచ్ రాబ్ రయన్, తమ జట్టులో అయితే కాల్విన్ మూడో రిసీవర్ అవుతాడన్నట్టు మాట్లాడాడు. ఆ ఆదివారమే ముగ్గురు డిఫెండర్ల మధ్యకు విసిరిన బంతిని కాల్విన్ వాళ్ల తలల మీద నుంచి లాక్కున్నాడు. 27-3తో వెనకబడిన లయన్స్ 34-30తో గెలిచింది. దీన్ని జాలి అనరు.

గుంటూరు_ఘాటు:
నోవై గారూ, ఆట గొప్పది కాదని నేనెక్కడా అనలేదు. తొలి ఏడాదే ఎందుకన్నది నా ప్రశ్న. 2021 నాటికి టోరీ హోల్ట్ 13,382 యార్డులతో, రెజీ వేన్ 14,345 యార్డులతో వరసలో నిలబడి ఉన్నారు. ఇద్దరికీ సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన ఉంగరం ఉంది. క్రిస్ కార్టర్‌ను ఆరేళ్లు తిప్పారు. మార్విన్ హ్యారిసన్ కూడా మూడో ఏడాదికి గానీ లోపలికి వెళ్లలేదు.

ఇక అందరూ చెప్పుకునే 2012. 1,964 యార్డులు, జెర్రీ రైస్ 1995లో పెట్టిన 1,848 రికార్డు బద్దలు. కానీ టచ్‌డౌన్లు ఎన్ని? ఐదు. జట్టు ఎన్ని గెలిచింది? నాలుగు. వెనకబడిన జట్టు ఎలాగూ పొద్దస్తమానం బంతి విసురుతూనే ఉంటుంది, యార్డులు రాక ఏమవుతాయి? చెత్త క్వార్టర్‌బ్యాక్‌ల (బంతి విసిరేవాళ్ల) మధ్య నలిగిపోయాడు అంటారా, అరిజోనాలో లారీ ఫిట్జెరాల్డ్ కూడా నలిగాడు. అతను 17 సీజన్లు నిలబడి 17,492 యార్డులు చేశాడు. నిలబడటం కూడా ఆటలో భాగమే కదండీ.

నోవై_నివాసి:
వెనకబడిన జట్లు ఏటా పది ఉంటాయి. 1,964 మాత్రం ఒక్కడికే వచ్చింది. 2021లో సీజన్ 17 మ్యాచ్‌లకు పెరిగాక కూడా కూపర్ కప్ 1,947 దగ్గర ఆగిపోయాడు.

ప్లేఆఫ్ గెలవలేదు, నిజం. 2012 జనవరిలో న్యూ ఓర్లీన్స్ మీద 12 క్యాచ్‌లు, 211 యార్డులు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. మన డిఫెన్స్ 45 పాయింట్లు సమర్పించుకుంది. రిసీవర్ డిఫెన్స్ కూడా ఆడాలా?

కొత్తగా_వచ్చా:
అన్నా, నేను ఎమ్మెస్‌కి వచ్చి ఈ మధ్యే ఈ ఆట చూడటం మొదలుపెట్టాను. కామెంటరీలో ‘కాల్విన్ జాన్సన్ రూల్’ అంటుంటారు, అదేంటి?

నోవై_నివాసి:
తమ్ముడూ, పుండు మీద కారం చల్లావు. 2010 సీజన్ మొదటి మ్యాచ్, షికాగోలో. బేర్స్ 19, లయన్స్ 14. అర నిమిషం కూడా లేదు. షాన్ హిల్ ఎండ్‌జోన్ మూలకు 25 యార్డుల బంతి వేశాడు. కాల్విన్ డిఫెండర్ మీదుగా లేచి రెండు చేతులతో అందుకున్నాడు. కాళ్లు రెండూ లోపలే పడ్డాయి. తర్వాత నడుం నేలకు తగిలింది. బంతి అప్పటికి ఒక చేతిలోకి మారింది. లేచి పరుగెత్తే ఊపులో ఆ చేయి నేలకు ఆనించాడు, బంతి అక్కడే జారిపోయింది. దగ్గరున్న రిఫరీ మొదట టచ్‌డౌన్ అని చేతులెత్తాడు. తర్వాత కాదన్నారు, రీప్లే చూసి కూడా కాదన్నారు. కింద పడేటప్పుడు పట్టు చివరిదాకా ఉండాలన్నది అప్పటి నిబంధన.

1999 ప్రపంచ కప్‌లో గిబ్స్ స్టీవ్ వా క్యాచ్ పట్టి, సంబరంలో పైకి విసరబోయి వదిలేశాడు కదా, దానికి దగ్గరగా ఉంటుంది. తేడా ఏంటంటే గిబ్స్‌ను చూసి జనం నవ్వారు, కాల్విన్‌ను చూసి ఏడ్చారు. కింద పడ్డా పట్టు వదలకూడదన్న ఆ షరతును లీగ్ 2018లో తీసేసింది. మా ఓటమి మాత్రం అలాగే ఉంది.

లెక్కల_మాస్టారు:
ఇద్దరికీ నచ్చని లెక్క ఒకటి చెప్తాను. ఇంకో రిసీవర్ జూలియో జోన్స్ అట్లాంటా ఫాల్కన్స్‌కు ఆడిన మ్యాచ్‌లు సరిగ్గా 135. కాల్విన్ జీవితం మొత్తం ఆడినవీ 135. ఆ 135లో జూలియో 12,896 యార్డులు చేశాడు, అంటే కాల్విన్ కంటే దాదాపు 1,300 ఎక్కువ. టచ్‌డౌన్లలో మాత్రం 60 దగ్గరే ఉన్నాడు, కాల్విన్ 83.

జూలియో అక్కడితో ఆగలేదు. టెనెసీ, టాంపా, ఫిలడెల్ఫియా తిరిగి ఇంకో 31 మ్యాచ్‌ల్లో 807 యార్డులు మాత్రమే చేశాడు. మ్యాచ్‌కు 95 పైన ఉన్న సగటు 82కు దిగింది. కాల్విన్ సగటు 86 దగ్గర చెక్కుచెదరకుండా ఉంది, ఎందుకంటే దిగజారే రోజులు అతను ఆడలేదు. రైస్ 20 సీజన్ల సగటు 75తో దీన్ని పోల్చి గొప్ప అనేవాళ్లను చూస్తే నాకు తల నొప్పి. కాబట్టి నోవై గారూ, సగటును సాక్ష్యంగా తేవద్దు. ఘాటు గారూ, మీరు మొత్తం యార్డులను తేవద్దు. చివరి 807 యార్డుల వల్ల జూలియో గొప్పతనం పెరిగిందని ఎవరైనా అంటారా?

గుంటూరు_ఘాటు:
మాస్టారూ, మీరు ఎవరి పక్షం?

లెక్కల_మాస్టారు:
జీతం ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి ఎవరి పక్షమూ కాదు.

ప్యాకర్స్_పంతులు:
మా స్టెర్లింగ్ షార్ప్ పేరు ఎవరూ ఎత్తరేం? గ్రీన్ బేలో 1988 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు, 112 మ్యాచ్‌లు, ఒక్కటీ తప్పలేదు. 595 క్యాచ్‌లు, 65 టచ్‌డౌన్లు. 1992లో క్యాచ్‌లు, యార్డులు, టచ్‌డౌన్లు మూడింట్లోనూ లీగ్ మొత్తం మీద అతనే ముందు. మెడకు దెబ్బ తగిలి ఆట ఆగిపోయింది. హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు ఎప్పుడు తెరిచారో తెలుసా? 2025లో, అదీ సీనియర్ల (ఆట మానేసి చాలా ఏళ్లయినవాళ్ల) కోటాలో. ఆడాలనుకున్నా ఆడలేకపోయినవాడికి మూడు దశాబ్దాల నిరీక్షణ, ఆడగలిగీ మానేసినవాడికి తొలి ఏడాదే పూలదండ. కాల్విన్ మీద నాకు కోపం లేదు, ఓటర్ల కొలబద్ద మీదే కోపం.

నోవై_నివాసి:
షార్ప్ విషయంలో ఓటర్లు చేసింది అన్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ దాన్ని సరిచేయాలంటే షార్ప్‌ను ముందే పిలవాల్సింది, కాల్విన్‌ను ఆలస్యం చేయడం కాదు. గేల్ సేయర్స్ 68 మ్యాచ్‌లే ఆడాడు, 34 ఏళ్లకే లోపలికి పిలిచారు. తక్కువ ఆడినా పిలిచే ఆ దారి 1977 నుంచే ఉంది.

‘ఆడగలిగీ మానేసినవాడు’ అన్న మాట దగ్గర మాత్రం ఆగండి పంతులు గారూ. మోకాలు, చీలమండ, వేళ్లు, అన్నీ దెబ్బతిన్నాయి. తలకు దెబ్బలు తగలడం మామూలే అన్నట్టు, నొప్పి మాత్రలు అడిగినన్ని దొరికేవన్నట్టు 2016లో అతనే టీవీలో చెప్పాడు. చివరి సీజన్‌లో 1,214 యార్డులు చేశాడు కాబట్టి బాగున్నాడని మనం అనుకుంటాం. ఆ యార్డులు ఎలా వచ్చాయో అతని కాళ్లకు తెలుసు.

ఓరుగల్లు_పిల్లగాడు:
హాల్ ఆఫ్ ఫేమ్ సంగతి పక్కన పెట్టండి. నాకు సమజ్ కానిది ఒక్కటే. తొమ్మిదేళ్లు ఒళ్లు హూనం చేసుకున్న మనిషి దగ్గర లయన్స్ సైనింగ్ బోనస్‌లో 16 లక్షల డాలర్లు వాపసు తీసుకుంది. ఇది కాల్విన్ చెప్పిన లెక్కే. 1999లో లయన్స్ ఆటగాడే బ్యారీ శాండర్స్ రిటైర్ అయినప్పుడూ ఇదే కథ, బోనస్‌లో కొంత కక్కించారు. ఒకే క్లబ్, ఇద్దరు మహానుభావులు, ఇద్దరూ 30 దాటి ఆడలేదు, ఇద్దరితోనూ డబ్బు పేచీ. కంపెనీ రాజీనామా చేసినవాడి నుంచి ల్యాప్‌టాప్ బ్యాగ్ కూడా లాక్కున్నట్టు లేదా?

గుంటూరు_ఘాటు:
కాంట్రాక్ట్ అంటే కాంట్రాక్టే తమ్ముడూ. 2012లో 8 ఏళ్లకు 13.2 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. సైనింగ్ బోనస్ అన్ని సీజన్ల కోసం ముందుగా ఇచ్చే సొమ్ము. మధ్యలో మానేస్తే మిగిలిన సీజన్ల వాటా అడిగే హక్కు క్లబ్‌కు ఉంటుంది. ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకున్న నిబంధనే అది.

ఓరుగల్లు_పిల్లగాడు:
హక్కు ఉందన్నా, లేదనలేదు. ఆ హక్కు వాడి ఏం బావుకున్నారు? ఊళ్లో అందరూ నెత్తిన పెట్టుకునే ఆటగాడు ఏళ్ల తరబడి క్లబ్ గడప తొక్కలేదు. చివరికి ఎలాగో రాజీ కుదిరి, 2024 సెప్టెంబర్‌లో లయన్స్ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్‌లో క్లబ్ మేటి ఆటగాళ్ల వరసలో అతని పేరు ఎక్కించారు. అంత డబ్బున్న క్లబ్‌కు 16 లక్షలు ఒక లెక్కా? పరువు కంటే అదే ఎక్కువైంది.

గుంటూరు_ఘాటు:
డబ్బు విషయంలో లయన్స్ పిసినారితనం చూపించింది, అంతవరకు సరే. కానీ నా మొదటి మాట మార్చను. రెండో ఏడాదో మూడో ఏడాదో పిలిస్తే కాల్విన్ స్థాయి తగ్గేది కాదు, హోల్ట్‌కూ వేన్‌కూ న్యాయం జరిగేది. ఒక ప్రశ్న నోవై గారికి: జూలియో చివరిసారి ఆడింది 2023 సీజన్, 2029లో అతని పేరు ఓటింగ్‌కు వస్తుంది. మీ కొలత అప్పుడూ ఇదేనా?

నోవై_నివాసి:
ఇదే. తొలి ఏడాదే ఓటు. టచ్‌డౌన్లలో 83, 60 తేడా కూడా అడగను.

ప్యాకర్స్_పంతులు:
స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.