ఇంటి స్టూడియోలో బేస్ మిక్సింగ్‌కు హెడ్‌ఫోన్లను నమ్మవచ్చా? నమ్మితే ఓపెన్ బ్యాకా, క్లోజ్డ్ బ్యాకా?

కొర్లగుంట మేడగది, తిరుపతి:

అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మా మేడమీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదిలో మూడేళ్లుగా పాటలు చేసుకుంటున్నాను. గంగమ్మ జాతరలో వినబడే పలకల దరువునూ పంబ మోతనూ పైన నిలిపి, వాటి కింద లోతైన సబ్‌బేస్ (బేస్‌లోనూ అట్టడుగు స్వరాలు) నడిపించే సంగీతం నాది. గత వేసవిలో నా పాట ఒకదాన్ని ఒక ఊరేగింపులో పెద్ద డీజే సెట్టు మీద వేశారు. గదిలో చక్కగా కుదిరిందనుకున్న బేస్ అక్కడ రెండు స్వరాల దగ్గర మాత్రం ఉప్పొంగి, పలకల దెబ్బను పూర్తిగా మింగేసింది. ఇంటికి వచ్చి స్పెక్ట్రమ్ అనలైజర్‌లో (ఏ స్వరం ఎంత బలంగా ఉందో చూపే సాధనంలో) చూస్తే ఆ స్వరాలు 46, 49 హెర్ట్జ్‌ల దగ్గర కనిపించాయి. ఆ రెండింటినీ పెంచింది నేనే, ఎందుకంటే నా కుర్చీలో కూర్చుంటే అవి నాకు వినబడలేదు.

నా దగ్గర ఉన్నవి 5 అంగుళాల వూఫర్ (బేస్ పలికే భాగం) గల స్పీకర్లు. కింది వాటాలో పసిపిల్లలు ఉన్నందున రాత్రి తొమ్మిది దాటితే వాటిని మోగించను. అందువల్ల ఒక మంచి హెడ్‌ఫోన్ కొని, బేస్‌కు సంబంధించిన నిర్ణయాలన్నీ దాని మీదే తీసుకోవాలని అనుకుంటున్నాను. ఒక మిత్రుడు సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొనమంటున్నాడు, అది ఓపెన్ బ్యాక్, అంటే కప్పుల వెనుక భాగం గాలి ఆడేలా తెరిచి ఉండే రకం. మరొకరు బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో కొనమంటున్నారు, అది క్లోజ్డ్ బ్యాక్, అంటే వెనుక మూసి ఉండే రకం. నాకు కళ్లజోడు ఉంది. మన ఊరి ఎండలకు గదిలో ఫ్యాను ఆపి కూర్చోవడం సాధ్యం కాదు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని ప్రార్థన.

చిత్తూరు స్పీకర్లు:

మీరు అడిగిన రెండు మోడళ్లలో ఏది మేలో చెప్పే ముందు, అసలు ఆ దారే సరైనది కాదని నా అభిప్రాయం. బేస్ అనేది చెవికి మాత్రమే సంబంధించినది కాదు. పలక మోగినప్పుడు ఎదురుగా నిలబడిన మనిషి రొమ్ముకు తగిలే దెబ్బ, కాళ్ల కింద నేల అదరడం కూడా ఆ శబ్దంలో భాగాలే, వాటిని ఏ హెడ్‌ఫోనూ ఇవ్వలేదు. ఆ అదురు అందని మనిషి తనకు తెలియకుండానే బేస్‌ను పెంచుతూ పోతాడు. పదేళ్లుగా ఇతరుల మిక్సులు విని సరిచేస్తున్నవాడిగా ఈ పొరపాటును చాలాసార్లు చూశాను.

రెండవ ఇబ్బంది కూడా చిన్నదేమీ కాదు. స్పీకర్ల ముందు కూర్చున్నప్పుడు ఎడమ స్పీకరు శబ్దం కుడి చెవికి కూడా కొంత ఆలస్యంగా చేరుతుంది. హెడ్‌ఫోన్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే అందుతుంది కనుక, అందులో విశాలంగా తోచిన బేస్ ఊరేగింపు సెట్టులో రెండు చానళ్లూ ఒక్కటైనప్పుడు కొంత భాగం తనను తానే రద్దు చేసుకొని పలచబడుతుంది. యమహా ఎన్ఎస్-10 స్పీకర్లు 1978లో వచ్చాయి. వాటిలో లోతైన బేస్ దాదాపు లేకపోయినా ప్రపంచంలోని పెద్ద స్టూడియోలు దశాబ్దాల పాటు వాటి మీద మిక్స్ చేశాయంటే, లోతు వినబడడం కంటే నిష్పత్తి తెలియడం ముఖ్యమని అర్థం. మీ స్పీకర్లనే ఉంచుకొని, గదిని బాగుచేసుకోండి.

పలమనేరు పలక:

చిత్తూరు వారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ గది విషయంలో వారి సలహా పాటిస్తే కొర్లగుంట వారు మళ్లీ అదే గుంటలో పడతారు. దీనికి లెక్క ఉంది కనుక, కొంచెం వివరంగా రాస్తాను.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం ఒక ధ్వని తరంగదైర్ఘ్యంలో సరిగ్గా సగం అయినప్పుడు అక్కడ స్థిర తరంగం ఏర్పడుతుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు. దానికి రెట్టింపైన 7.32తో 343ను భాగిస్తే 47 హెర్ట్జ్ వస్తుంది. ఆ తరంగంలో ఒత్తిడి గోడల దగ్గర అత్యధికంగా, నడిమధ్యలో దాదాపు శూన్యంగా ఉంటుంది. మీ బల్ల 12 అడుగుల గోడకు ఆనుకొని, మీ కుర్చీ ఆ గోడకు సరిగ్గా మధ్యన ఉండి ఉంటుందని నా ఊహ. అలా అయితే మీరు కూర్చున్న చోట 47 హెర్ట్జ్ పరిసరాల్లోని స్వరాలు మాయమవుతాయి. మీరు పెంచిన 46, 49 హెర్ట్జ్ స్వరాలు అవే కదా! మీ చెవిలో లోపం లేదు, గది మీకు తప్పుడు సాక్ష్యం చెప్పింది. 10 అడుగుల వెడల్పుకు ఇదే లెక్క వేస్తే 56 హెర్ట్జ్ వస్తుంది. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే అయితే ఆ 56 రెండింతల ఇబ్బంది అవుతుంది. దీనికి తోడు 5 అంగుళాల వూఫర్ 50 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి సహజంగానే నీరసిస్తుంది.

"గదిని బాగుచేసుకోండి" అనడం సులభం. 47 హెర్ట్జ్ తరంగం పొడవు 7.3 మీటర్లు. దూదిలాంటి పీల్చే పదార్థంతో దాన్ని గట్టిగా అణచాలంటే అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 1.8 మీటర్ల మందం కావాలి. గోడలకు అంటించే రెండంగుళాల ఫోమ్ ముక్కలు చప్పట్ల ప్రతిధ్వనిని తగ్గిస్తాయే గాని ఈ తరంగం వాటిని గుర్తించనైనా గుర్తించదు. ఇటుక గోడలు, సిమెంటు స్లాబు, గ్రానైటు నేల ఉన్న మన ఇళ్లలో ఈ సమస్య పలచని చెక్క గోడల ఇళ్లలో కంటే తీవ్రంగా ఉంటుంది, ఎందుకంటే మన గోడలు బేస్‌ను బయటికి పోనివ్వకుండా తిరిగి గదిలోకే కొడతాయి. హెడ్‌ఫోన్‌లో గది అనేదే ఉండదు. చిన్న గదిలో మిక్స్ చేసేవారికి అది ఇచ్చే అసలైన మేలు ఇదే, ఈ మేలు ముందు రొమ్ముకు తగలని దెబ్బ చిన్న లోటు.

ఇక ఏ హెడ్‌ఫోన్ అన్నది. హెచ్‌డీ 600 గొంతుల మీద, మధ్యస్థాయి వాద్యాల మీద ఎంతో నిజాయితీ గలది. 1997 నుంచి దానికున్న పేరు ఊరికే రాలేదు. అయితే 60 హెర్ట్జ్ దిగువన దాని స్వరం క్రమంగా తగ్గిపోతుంది. సబ్‌బేస్ మీదే నిలబడే సంగీతానికి దాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకోవద్దని నా మనవి. ప్లేనార్ మాగ్నెటిక్ తరహా ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లలో, ఉదాహరణకు హైఫైమ్యాన్ సుందర వంటివాటిలో, వెడల్పైన పలచని పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది కనుక 30 హెర్ట్జ్ దాకా స్వరం పెద్దగా తగ్గకుండా, ఉబ్బకుండా వస్తుంది. నా ఓటు దానికే.

శ్రీకాళహస్తి మిక్సర్:

లెక్కలు సరే, ఫ్యాను సంగతి ఎవరూ ఎత్తలేదు. ఓపెన్ బ్యాక్ పెట్టుకొని ఫ్యాను కింద కూర్చుంటే పాటతోపాటు ఆ గాలి హోరు కూడా చెవిలో ఉంటుంది. డీటీ 770 ప్రో అయినా, ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ అయినా బయటి శబ్దాన్ని ఆపుతాయి. పలక రికార్డు చేసేటప్పుడు తాళం కోసం వినే క్లిక్ శబ్దం మైకులోకి కారకుండా ఉండాలన్నా క్లోజ్డ్ బ్యాకే కావాలి. వాటిలో బేస్ కొంచెం ఎక్కువగా వినబడుతుందన్నది నిజమే, కానీ ఆ ఎక్కువ ఎంతో అలవాటు చేసుకుంటే సరిపోతుంది. రెండు హెడ్‌ఫోన్లు కొనే స్తోమత లేనివారికి ఒక్క క్లోజ్డ్ బ్యాక్ రెండు పనులూ చేస్తుంది.

పలమనేరు పలక:

రికార్డింగుకు క్లోజ్డ్ బ్యాకే కావాలన్న మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. మిక్సింగు విషయంలో రెండు అభ్యంతరాలు ఉన్నాయి.

మొదటిది కళ్లజోడు. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ నిలిచేది మెత్తలు చెవి చుట్టూ గాలి చొరకుండా మూసుకోవడం వల్ల. కళ్లజోడు కాడ ఆ మెత్తను పైకి లేపితే సన్నని సందు ఏర్పడుతుంది, ముందుగా పోయేది లోతైన బేసే. మెత్తలు పాతబడి నలిగినా ఇదే జరుగుతుంది. అద్దాలు కాస్త అటూ ఇటూ జరిగినప్పుడల్లా బేస్ మారిపోయే పరికరం మీద నిర్ణయాలు ఎలా తీసుకుంటారు? ఓపెన్ బ్యాక్‌లలో ఈ తేడా సాధారణంగా తక్కువగా ఉంటుంది. పరీక్షించడం సులభం. పాట నడుస్తుండగా రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా తలకు అదమండి, అప్పుడు బేస్ హఠాత్తుగా పెరిగితే అంతకుముందు అది కారిపోతున్నట్టే.

రెండవది ఫ్యాను. క్లోజ్డ్ బ్యాక్ ఆపేది గాలి సుయ్యిమనే పై శబ్దాన్నే. వంద హెర్ట్జ్ దిగువన ఉండే గుమ్మనే మోతను ఆ కప్పులు పెద్దగా ఆపలేవు. ఫ్యానును తక్కువ వేగంలో పెట్టి, సబ్‌బేస్ నిర్ణయించే ఆ పది నిమిషాలు మాత్రం ఆపుకోవడం మేలు.

ఇక అలవాటు చేసుకోవడం గురించి. అలవాటన్నది స్థిరంగా ఉన్న లోపానికే పనికివస్తుంది, రోజుకో తీరుగా మారే లోపానికి ఎవరూ అలవాటు పడలేరు.

చిత్తూరు స్పీకర్లు:

ఆ గది లెక్క నేను వేసి చూడలేదు, 47 హెర్ట్జ్ విషయంలో పలమనేరు వారి మాట సరైనదే. అయితే దానికి ఖర్చు లేని మందు ఒకటి ఉంది. బల్లను తిప్పి పొట్టి గోడకు ఆనించి, గది పొడవు దిక్కుగా కూర్చొని, ముందు గోడ నుంచి మొత్తం పొడవులో సుమారు 38 శాతం దూరంలో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర తల ఉండేలా చూసుకోండి. గుంట పూర్తిగా పూడదు గాని, స్వరం మాయమయ్యే చోటు నుంచి బయటపడతారు.

హెడ్‌ఫోన్ పక్షం వారు శబ్ద తీవ్రత గురించి ఒక్క మాట కూడా అనలేదు. తక్కువ తీవ్రతలో మనిషి చెవికి బేస్ తక్కువగా వినబడుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. రాత్రి నెమ్మదిగా పెట్టుకొని మిక్స్ చేస్తే బేస్ ఎక్కువ పెడతారు, హుషారు వచ్చి పెంచేస్తే తక్కువ పెడతారు. పైగా హెడ్‌ఫోన్‌లో తీవ్రత ఎంత పెరిగిందో తెలియదు. 85 డెసిబెల్‌ల దగ్గర ఎనిమిది గంటలు భరించగల చెవికి, ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగం అవుతుందన్నది ఉద్యోగుల వినికిడి రక్షణకు వాడే అమెరికా లెక్క. బేస్ సంగీతం చేసేవారు దీన్ని తేలికగా తీసుకోవద్దు, పోయిన వినికిడి తిరిగి రాదు.

పలమనేరు పలక:

తీవ్రత గురించి చెప్పినందుకు కృతజ్ఞతలు, ఆ మాట నేనే ముందు రాసి ఉండవలసింది. ఇంటర్‌ఫేస్ (కంప్యూటరుకూ హెడ్‌ఫోన్‌కూ మధ్య ఉండే ఆడియో పెట్టె) మీద వాల్యూమ్ గుండీ పక్కన ఒక గీత గీసుకొని, బేస్ నిర్ణయాలన్నీ ఆ గీత దగ్గరే తీసుకోవాలి. పేరున్న మిక్సులు మూడింటిని అదే తీవ్రతకు సమానం చేసి పక్కన ఉంచుకొని, ప్రతి పావుగంటకూ వాటిలో ఒకదాన్ని వినాలి. పలకను మంటకు కాచినప్పుడు చర్మం ఎంత బిగిసిందో పక్కవాడి పలకతో పోల్చి చూసుకుంటామే గాని మన జ్ఞాపకాన్ని నమ్ముకోం. ఇదీ అలాంటి పనే.

మోనో (రెండు చానళ్లూ ఒక్కటి కావడం) విషయంలోనూ చిత్తూరు వారి మాటే నాది. సుమారు వంద హెర్ట్జ్ దిగువన ఉన్నదాన్నంతా మోనో చేసేస్తే ఊరేగింపు సెట్టులో రద్దయ్యే ప్రమాదం పోతుంది. ఫోన్ స్పీకరులో 50 హెర్ట్జ్ అసలే పలకదు కనుక, సబ్‌బేస్‌కు కొంచెం శాచురేషన్ (స్వల్ప వక్రీకరణ) ఇచ్చి 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర అనుస్వరాలు (మూలస్వరానికి రెట్లుగా ఉండే పై స్వరాలు) పుట్టించాలి. వాటిని విన్న మెదడు లేని మూలస్వరాన్ని తానే ఊహించుకుంటుంది.

ఒక సాంకేతిక హెచ్చరిక కూడా అవసరం. హెచ్‌డీ 600 ఇంపీడెన్స్ (విద్యుత్తుకు అది చూపే నిరోధం) 300 ఓమ్‌లు. డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో దొరుకుతుంది. చిన్న ఇంటర్‌ఫేస్ 250, 300 ఓమ్‌ల వాటిని సరిపడా తీవ్రతతో నడపలేకపోవచ్చు. ఇంటర్‌ఫేస్ సొంత అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువగా ఉంటే, హెచ్‌డీ 600 వంటి, తీగచుట్టతో పొర కదిలే డైనమిక్ రకాలలో వంద హెర్ట్జ్ పరిసరాల్లో బేస్ ఉబ్బుతుంది. ప్లేనార్ రకాల ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది కనుక వాటికి ఆ బెడద లేదు.

కొర్లగుంట మేడగది, తిరుపతి:

మీ అందరి సలహాలు చదివి వారం రోజులు ప్రయత్నించాను. నా కుర్చీ ఉన్నది సరిగ్గా 12 అడుగుల గోడకు మధ్యనే. అదే గదిలో గోడ పక్కకు వెళ్లి నిలబడి విన్నప్పుడు ఆ రెండు స్వరాలు ఎంత పెద్దగా ఉన్నాయో విని నిర్ఘాంతపోయాను. బల్లను తిప్పాను, వాటిలో సగం తిరిగి వచ్చాయి. తర్వాత ఒక మిత్రుడి దగ్గర ప్లేనార్ హెడ్‌ఫోన్ రెండు రోజులకు తెచ్చుకొని, పాత పాటలో 49 హెర్ట్జ్ స్వరాన్ని 4 డెసిబెల్‌లు, 46ను 3 తగ్గించాను. పలకల మొదటి దెబ్బ మళ్లీ పైకి వచ్చింది. క్లోజ్డ్ బ్యాక్‌ను ఒక దుకాణంలో కళ్లజోడుతో పెట్టుకొని అరచేతులతో అదిమి చూశాను, బేస్ స్పష్టంగా పెరిగింది. అందుచేత మిక్సింగుకు ప్లేనార్ ఓపెన్ బ్యాక్ కొంటున్నాను. రికార్డింగుకు శ్రీకాళహస్తి వారు చెప్పినట్టు, చవకైనా సరే ఒక క్లోజ్డ్ బ్యాక్ తర్వాత కొనుక్కుంటాను.

చిత్తూరు స్పీకర్లు:

సంతోషం. అయినా ఆ తగ్గించిన 4 డెసిబెల్‌లు సరిపోయాయో, మరీ ఎక్కువయ్యాయో హెడ్‌ఫోన్ ఒక్కటే తేల్చగలదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. చిత్తూరులో మా హాలు పెద్దది, అందులో సబ్‌వూఫర్ ఉంది. ఆదివారం ఇద్దరూ రండి. పలమనేరు వారు తమ హెడ్‌ఫోన్ తెచ్చుకుంటే, పాత మిక్స్, కొత్త మిక్స్ రెండింటినీ ముందు అందులో విని, ఆ తర్వాత నేల అదిరేలా విందాం.