ఎడ్మంటన్‌లో మొదటి చలికాలం: హీటర్ చల్లగాలి కొడుతుంది, కూలెంట్ తక్కువుంది, నీళ్ళు పొయ్యొచ్చా?

అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో నల్గొండ నుంచి ఎడ్మంటన్ వచ్చాను, పోయిన నెల 2012 కరోలా సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. రెండ్రోజుల నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే హీటర్ చల్లగాలి కొడుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే మళ్ళీ వేడిగా వస్తుంది, డ్యాష్‌బోర్డ్ వెనకాల గుడగుడమని సౌండ్. బానెట్ ఎత్తి చూస్తే ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ కింది గీత కన్నా కిందకి ఉంది. నాన్న ఫోన్‌లో లీటర్ నీళ్ళు పొయ్యిరా సరిపోతది అంటున్నారు. ఈ వారం -28 చూపిస్తుంది. పొయ్యొచ్చా?

రిప్లై:

తమ్ముడూ, నీళ్ళు పొయ్యొద్దు. నాన్నగారు చెప్పింది నల్గొండలో నడుస్తుంది, అక్కడ నీళ్ళు గడ్డకట్టే ప్రశ్నే రాదు, లారీ డ్రైవర్లు కూడా దారిలో బోరింగ్ కనపడితే ఆపి రేడియేటర్‌లో పోసుకుని వెళ్ళిపోతారు. ఇక్కడ లెక్క వేరు, ఒకసారి చూడు. నీ బండిలో మొత్తం పట్టేది ఐదున్నర లీటర్లనుకుందాం, లీటర్ తగ్గిందనుకుందాం, మిగిలిన నాలుగున్నరలో సగం గ్లైకాల్ (గడ్డకట్టకుండా కాపాడే మందు), సగం నీళ్ళు. దాంట్లో ఇంకో లీటర్ ఉత్త నీళ్ళు పోస్తే గ్లైకాల్ 41 శాతానికి పడిపోతుంది, అది -25 దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది. 50/50 ఉంటే -37 దాకా ఆగుతుంది. నీకు -28 వస్తుందంటున్నావు, అంటే ఆ ఒక్క లీటర్ నీళ్ళతోనే పొద్దున్నకల్లా లోపల ఐసు ముక్కలు తయారవుతాయి. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, బాగా పలచబడిన కూలెంట్ అయితే రేడియేటర్ పగులుతుంది, ఇంకా ఘోరం జరిగితే ఇంజిన్ బ్లాకే చీలుతుంది. సగం గడ్డకట్టినా చాలు, రేడియేటర్‌లో కదలిక ఆగిపోయి బయట -28 ఉండగానే ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతుంది. ఇంత చలిలో బండి వేడెక్కడమేంటి అని చాలామంది నమ్మరు కానీ ఇక్కడ అదే జరుగుతుంది.

అలాగని ఎక్కువ పోస్తే ఇంకా మంచిదని కాన్‌సన్‌ట్రేట్, అంటే నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్, నేరుగా పోసెయ్యకు. ఉత్త ఇథిలీన్ గ్లైకాల్ -13 దగ్గరే గడ్డకడుతుంది, నీళ్ళు కలిస్తేనే దాని బలం. 60/40 దాకా పర్లేదు, అది -50 దాకా వస్తుంది, 70 శాతం దాటాక మళ్ళీ వెనక్కే. ఇంకోటి, వాతావరణం యాప్‌లో విండ్ చిల్ -38 అని చూసి కంగారు పడొద్దు, అది మన చర్మానికి, బండికి అసలు టెంపరేచరే లెక్క.

షాప్‌కి వెళ్ళినప్పుడు జాగ్రత్త. అన్నీ ఒకే సైజు జగ్గుల్లో పక్కపక్కనే ఉంటాయి. నీలం రంగుది విండ్‌షీల్డ్ వాషర్ ఫ్లూయిడ్, అద్దం కడగడానికి. గులాబీ రంగులో చవగ్గా ఆర్‌వీ యాంటీఫ్రీజ్ అని ఇంకోటి ఉంటుంది, నీ కరోలా కూలెంట్ కూడా గులాబీయే కాబట్టి ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. అది ఇళ్ళలో, క్యాంపర్ బండ్లలో నీళ్ళ పైపులకి, ఇంజిన్‌లో పొయ్యకూడదు. రంగు చూసి కొనొద్దు, రంగుకి స్టాండర్డ్ అంటూ ఏమీ లేదు, ఒక కంపెనీ గులాబీకి ఇంకో కంపెనీ గులాబీకి లోపల మందులే వేరు. నీ బండికి టొయోటా సూపర్ లాంగ్ లైఫ్ కూలెంట్ కావాలి, ముందే నీళ్ళు కలిపి వస్తుంది, డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో దొరుకుతుంది. లేదంటే ఏషియన్ వెహికల్స్‌కి అని రాసున్న ప్రీమిక్స్ తీసుకో. కాన్‌సన్‌ట్రేట్ తీసుకుంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోస్తాం చూడు, అలాంటి డిస్టిల్డ్ వాటరే కలుపు, కుళాయి నీళ్ళొద్దు, ఇక్కడి కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ, పైపుల్లో పేరుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చెప్పిన లక్షణాలు, అంటే నిలబడితే చల్లగాలి, తొక్కితే వేడిగాలి, గుడగుడ, ఇవన్నీ హీటర్ కోర్‌లో, అంటే డ్యాష్‌బోర్డ్ వెనకాల వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్‌లో, గాలి చేరిందనే చెప్తున్నాయి. లెవెల్ తగ్గి గాలి లోపలికి పోయింది, ఆ గాలి పైన ఇరుక్కుని కూలెంట్‌ని తిరగనివ్వట్లేదు. డబ్బాలో పోసి ఊరుకుంటే గాలి అక్కడే ఉంటుంది. గాలి తియ్యాలి.

రాత్రంతా నిలబెట్టిన బండి మీదే చెయ్యి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీస్తే ప్రెషర్ దిగని కుక్కర్ మూత తీసినట్టే, మొహం మీదికి చిమ్ముతుంది, దీంట్లో మాత్రం తొందర పనికిరాదు. బండిని ముందుభాగం కాస్త ఎత్తులో ఉండేట్టు వాలులో ఆపి హ్యాండ్ బ్రేక్ వెయ్యి, చక్రాల వెనక అడ్డం పెట్టు. చలి అని గ్యారేజ్‌లో మాత్రం స్టార్ట్ చెయ్యొద్దు, తలుపు తీసున్నా సరే. బండి పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి వాసన ఉండదు, ప్రతి చలికాలం దానికి మనుషులు పోతూనే ఉన్నారు. బయట చెయ్యి, కోటు వేసుకో.

మూత తీసి, స్పిల్ ఫ్రీ ఫన్నెల్ అని వస్తుంది, రేడియేటర్ నోటికి బిగుసుకునేది, అది పెట్టి సగం దాకా కూలెంట్ మెల్లగా పొయ్యి. లోపల హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి ఫ్యాన్ తక్కువలో ఉంచు. స్టార్ట్ చేసి వదిలెయ్యి. బుడగలు రావడం మొదలవుతాయి, లెవెల్ దిగితే పోస్తూ ఉండు. పై రబ్బర్ పైపుని గ్లౌజ్ వేసుకుని అప్పుడప్పుడు పిసుకు, ఇరుక్కున్న గాలి కదులుతుంది, ఫ్యాన్ బెల్టుకి మాత్రం చేతులు, మెడకి చుట్టుకున్న మఫ్లర్ దూరంగా ఉంచుకో. థర్మోస్టాట్, అంటే వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్, 80 డిగ్రీల పైన ఎక్కడో తెరుచుకుంటుంది, అప్పుడు పై పైపు బాగా వేడెక్కుతుంది, అసలు పెద్ద బుడగలు అప్పుడే వస్తాయి. ఇక్కడి చలిలో ఊరికే ఐడిల్‌లో ఉంచితే అంత వేడి ఎక్కకపోవచ్చు, ఎవరన్నా లోపల కూర్చుని 2000, 2500 ఆర్‌పీఎమ్‌లో కొన్ని నిమిషాలు పట్టుకుంటే ఎక్కుతుంది, కాబట్టి కాస్త వెచ్చగా ఉన్న రోజు మధ్యాహ్నం చెయ్యడం మేలు. రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగి, బుడగలు ఆగి, హీటర్ నిలకడగా వేడిగాలి ఇస్తుంటే గాలి పోయినట్టే. ఈ పని జరిగేంతసేపూ ఉష్ణోగ్రత చూపించేదాని మీద కన్నుండాలి, ఎర్ర లైట్ వస్తే వెంటనే ఆపెయ్యి.

ఆపాక ఫన్నెల్ పీకెయ్యకు. చల్లారేకొద్దీ సిస్టమే మిగిలిన కూలెంట్ లోపలికి పీల్చుకుంటుంది. పూర్తిగా చల్లారాక ఫన్నెల్ తీసి మూత బిగించి, డబ్బాలో పై గీత దాకా పొయ్యి. మర్నాడు పొద్దున స్టార్ట్ చెయ్యకముందు మళ్ళీ చూడు, కొంచెం దిగి ఉంటుంది, పొయ్యి.

రిప్లై:

అన్న చెప్పినదాంట్లో ఒకటి కలుపుతా. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పిల్లలు, కుక్కలు, పిల్లులు నాకేస్తాయి, కొంచెమైనా కిడ్నీలు పాడై ప్రాణం పోవచ్చు. కింద ఒలికితే పిల్లి లిట్టర్ చల్లి పీల్చుకున్నాక ఎత్తెయ్యి. ఎవరి నోట్లోకైనా పోయిందని అనుమానం వస్తే లక్షణాలు కనపడేదాకా చూడకండి, వెంటనే పాయిజన్ లైన్‌కి ఫోన్ చెయ్యండి, కుక్కైతే వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికి పరుగెత్తండి, విరుగుడు మందు ఉంది, కానీ ముందుగా పడితేనే పనిచేస్తుంది. పాత కూలెంట్ రోడ్డు పక్క డ్రెయిన్‌లో పొయ్యకూడదు, సిటీ ఎకో స్టేషన్‌లో తీసుకుంటారు. జగ్గు మీద ఏముందో రాసి తీసుకెళ్ళు, తాగే నీళ్ళ బాటిళ్ళలో అస్సలు పొయ్యకు.

రిప్లై:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. శనివారం -9 ఉంది, అప్పుడు చేశా, హీటర్ ఇప్పుడు మంచిగ వస్తుంది. కానీ డబ్బాలో మూడు రోజుల్లో మళ్ళీ ఒక వేలంత దిగింది. ఇది మామూలేనా? ఇంకోటి, ఇక్కడ ఫ్రెండ్ ప్రియస్ కొన్నాడు, వాడిది కూడా ఇట్లనే చెయ్యొచ్చా?

రిప్లై:

తమ్ముడూ, ప్రియస్ జోలికి వెళ్ళొద్దు. దాంట్లో ఇన్వర్టర్‌కి వేరే కూలెంట్ దారి ఉంటుంది, పంపులు కరెంటువి, గాలి సరిగ్గా పోకపోతే నష్టం పెద్దది. తెలిసిన మెకానిక్ దగ్గర చేయించమను.

నీ బండి సంగతి. మొదటి రోజు కాస్త దిగితే మిగిలిన గాలి అనుకోవచ్చు, మూడు రోజులకి కూడా దిగుతుందంటే ఎక్కడో కారుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టార్చ్ వేసి వాటర్ పంప్ చుట్టూ, పైపుల చివర్లలో చూడు, ఎండిన గులాబీ పొడి అంటుకుని ఉంటే అక్కడినుంచే. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి లోపల తియ్యటి వాసన వస్తూ అద్దం మీద జిడ్డు మంచు పడుతుంటే హీటర్ కోర్. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటిది కనపడితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీల్) పోయిందని బెదరొద్దు, ఇక్కడ చలికాలం దగ్గర దగ్గర ప్రయాణాలు చేసే బండ్లలో చెమ్మ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలే పాలలా ఉంటే, లేక ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి దట్టంగా తెల్లటి తియ్యటి పొగ వస్తుంటే అప్పుడు ఆలోచించాలి, అలాంటప్పుడు నడపడం మానెయ్యి.

షాప్‌కి వెళ్ళి ముందుగా కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్ట్ చెయ్యమని అడుగు, ఆ మాటే చెప్పు. ఫ్లష్ చేద్దాం, థర్మోస్టాట్ మారుద్దాం అంటే కారేది ఎక్కడో చూపించాకే అను. అల్బర్టాలో రిపేర్ షాపులకి ఆమ్విక్ (బండ్ల వ్యాపారాలని చూసే ఇక్కడి నియంత్రణ సంస్థ) లైసెన్స్ ఉండాలి, వాళ్ళ సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు, ఎస్టిమేట్ కాగితం మీద తీసుకో. టెస్టర్‌తో రెండు చుక్కలు తీసి ఎంత చలి దాకా ఆగుతుందో చూడమను, -37 దగ్గర రాకపోతే ముందు యజమాని ఎప్పుడో నీళ్ళు పోసుంటాడు, అప్పుడు మొత్తం మార్చాల్సిందే.

లీక్ తేలేదాకా క్యూఈ2 హైవే ఎక్కి కాల్గరీ వెళ్ళొద్దు. బ్లాక్ హీటర్ (రాత్రి కరెంటుతో ఇంజిన్‌ని వెచ్చగా ఉంచేది) ప్లగ్ పెట్టేముందు రోజూ లెవెల్ చూసుకో, అది వేడి చేసేది ఆ కూలెంట్‌నే. మిగిలిన జగ్గు, ఫన్నెల్ డిక్కీలో ఉంచుకో. దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతే లేక ఎర్ర లైట్ వస్తే హీటర్ ఫుల్ హాట్ పెట్టి పక్కకి తీసి ఇంజిన్ ఆపు, మూత ముట్టుకోకుండా టో ట్రక్‌కి ఫోన్ చెయ్యి. దుప్పటి, గ్లౌజులు బండిలోనే ఉండాలి, ట్రక్ వచ్చేదాకా హీటర్ ఉండదు. ప్రెషర్ టెస్ట్‌లో ఏం తేలిందో ఇక్కడే రాయి, వాటర్ పంప్ అయితే ఎంత అడిగారో కూడా చెప్పు, ఇక్కడున్నవాళ్ళం చూసి సరైన రేటో కాదో చెప్తాం.