కియోస్క్‌లోనే డిస్క్ రాసిస్తే సరిపోయేది కదా?

ప్రశ్న: సినిమా డిస్కులు అద్దెకిచ్చే కియోస్కులు (డబ్బు కడితే డిస్క్ ఇచ్చే యంత్రాలు) ఉన్న రోజుల్లో నాకు కావాల్సింది ఎప్పుడూ వేరేవాళ్ల దగ్గరే ఉండేది. ఖాళీ డిస్కులు పెట్టుకుని, అడిగిన సినిమా అప్పటికప్పుడు రాసిస్తే ఆ గొడవే ఉండదుగా?

జవాబు 1: డిస్క్ రైటర్లతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాణ్ణి, చెప్తాను. 4.7 జీబీ డీవీడీని 16ఎక్స్‌లో, అంటే మామూలు కంటే 16 రెట్ల వేగంతో రాసినా ఐదారు నిమిషాలు పడుతుంది. లోపలి అంచున నెమ్మదిగా మొదలై, బయటి అంచుకొచ్చాక గానీ ఆ వేగం అందుకోదు. వెనక క్యూలో నలుగురుంటే మన వీపు కాలిపోతుంది! అసలు చిక్కు మాత్రం తాళంది. సినిమా డీవీడీలను కాపీ కొట్టకుండా వేసే తాళం పేరు సీఎస్ఎస్, దాని కీలు డిస్క్ మొదట్లో ఉంటాయి. మామూలు ఖాళీ డిస్కులో ఆ చోట రాయడానికి వీల్లేదు. 2007లో రాసుకునే డిస్కులకూ సీఎస్ఎస్ అనుమతించారు, అలా తాళంతో రాసే క్యూఫ్లిక్స్ అనే పద్ధతి వచ్చింది. కానీ దానికి డిస్కూ వేరే, డ్రైవూ వేరే.

జవాబు 2: అద్దె అంటే డిస్క్ తిరిగొస్తుంది కదండీ. డీవీడీ-ఆర్ అనే ఖాళీ డిస్క్ మీద ఒక్కసారే రాయగలం. వచ్చినదాన్ని మళ్లీ అద్దెకివ్వాలంటే అదే సినిమా ఎవరో అడగాలి. ఇలాంటి కియోస్కులు నడిపిన రెడ్‌బాక్స్ కంపెనీ 2024లో మూతపడేదాకా ఫ్యాక్టరీలో అచ్చేసిన డిస్కులే అద్దెకిచ్చింది.

ప్రశ్న అడిగినవారు: తిరిగివ్వడం సంగతే మర్చిపోయాను!