చేతిరంపంతో 45 డిగ్రీల కోత: నాలుగో మూల ఎందుకు కలవడం లేదు?

మేడమీద బల్ల:
విజయవాడలో అపార్టుమెంటులో ఉంటాం. కోత మిషను పెడితే కింది ఇంటివారు ఊరుకోరు, నాకూ ఆ హోరు పడదు. తాతగారి ఫోటోకు టేకు ఫ్రేము కడుతున్నాను. పట్టీలు 40 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. మందం. ప్లాస్టిక్ మైటర్ బాక్సులో (రంపాన్ని 45 డిగ్రీల్లో నడిపే గాట్లున్న పెట్టె) పెట్టి చేతిరంపంతో కోస్తున్నాను. మూడు మూలలు బాగానే కలుస్తాయి, నాలుగోది నోరు తెరుస్తుంది. రంపం మార్చాలా, బాక్సు మార్చాలా?

టేకుపొట్టు:
సన్నపళ్ల జపాన్ రంపం కొనండి. లాగినప్పుడు కోస్తుంది కనుక రేకు పలచగా ఉన్నా వంగదు. నేనైతే దానితోనే నెట్టుకొస్తున్నాను.

పాత రంపం:
రంపం మంచిదే కావచ్చు కానీ, బాబూ, రోగం అక్కడ లేదు. ఫౌండ్రీకి చెక్క నమూనాలు చేసే పనిలోనే నేను రిటైరయ్యాను. రంపం నుంచి వచ్చిన కోతను అలాగే అతికించడం మా షాపులో ఎవరూ చేసేవారు కాదు. రంపం దగ్గరికి తెస్తుంది, కొలతకు తెచ్చేది చిత్రిక.

లెక్క చూడండి. నాలుగు మూలలకు ఎనిమిది కోతలు. ఒక్కొక్కటి అర డిగ్రీ ఒకే వైపు తప్పితే మొత్తం 4 డిగ్రీలు. మొదటి మూడు మూలలను మీరు నొక్కి కలిపేస్తారు, ఆ బాకీ అంతా నాలుగోదాని మీద పడుతుంది. మీ పట్టీ వెడల్పుకు అది దాదాపు 4 మి.మీ. సందు.

పెన్సిలు గీత వద్దు, పదునైన కత్తితో గీయండి. గీతకు బయట ఒక మి.మీ. వదిలి కోయండి. ఇక చిత్రిక పట్టేటప్పుడు పట్టీని ఆనించడానికి ఆనుడు పలక ఒకటి చేసుకోండి. అడుగున 18 మి.మీ. ప్లైవుడ్, దాని మీద 12 మి.మీ. ప్లైవుడ్. ఒక అంచున చిత్రికను పక్కకు పడుకోబెట్టి తోసేంత మెట్టు వదలాలి. పై పలక మీద త్రిభుజాకారపు చెక్కను, దాని 90 డిగ్రీల మొన మెట్టు వైపు ఉండేలా బిగించండి. పట్టీని దానికి ఆనించి, చివరను చిత్రికతో పొర పొరగా తీయండి.

ఇందులో నాకు బాగా నచ్చేది ఇది: త్రిభుజం అర డిగ్రీ వంకరగా బిగిసినా ఫరవాలేదు. ప్రతి మూలలో ఒక పట్టీని ఎడమవైపు, రెండోదాన్ని కుడివైపు ఆనించి తీస్తే, ఒకటి 44.5, మరొకటి 45.5 వస్తాయి. కలిస్తే 90. ఆ మొన మాత్రం కచ్చితంగా 90 ఉండాలి, మూలమట్టం పెట్టి చూడండి. అదే మూలమట్టంతో చిత్రిక పక్క, అడుగు కూడా చూడండి. బజారులో దొరికే చెక్క చిత్రికలు చాలావరకు అక్కడే తప్పుతాయి.

ఎదురెదురు పట్టీల పొడవు టేపుతో కొలవకండి. రెండూ జతగా ఆనించి చివర వేలితో తడమండి. టేపు చూపని తేడా వేలికి తగులుతుంది.

మేడమీద బల్ల:
ధన్యవాదాలండీ. ఈ ఆదివారమే ఆనుడు పలక చేస్తాను. తర్వాత ఎనిమిది పలకల (ఎనిమిది వైపులున్న) అద్దం ఫ్రేము చేయాలని ఉంది. దానికి కోణమాపకం కొనాలా?

పాత రంపం:
అక్కర్లేదు. 180ని పలకల సంఖ్యతో భాగిస్తే కోత కోణం. ఎనిమిదికి 22.5, ఆరుకు 30. ఆ ప్లాస్టిక్ కోణమాపకంలో అర డిగ్రీ కంటికి ఆనదు. ప్లైవుడ్ మీద 100 మి.మీ. గీసి, దాని చివర మూలమట్టంతో 41.4 మి.మీ. నిలువు గీయండి. ఏటవాలుగా కలిపితే 22.5. ఆరు పలకలకైతే 57.7. వీలైతే 100ని 200, 300 మి.మీ.కు, నిలువునూ అన్ని రెట్లు పెంచి గీయండి, చేతి తప్పు ఆ మేరకు తగ్గుతుంది.

టేకుపొట్టు:
నా ఫ్రేము మూలలు వేసవిలో లోపలి వైపు విచ్చుకుంటున్నాయి. కోత బాగానే ఉంది. దానికేమంటారు?

పాత రంపం:
ఎండకు చెక్క వెడల్పులో కుంచించుకుంటుంది, పొడవులో దాదాపు కదలదు. అందుకే లోపలి మూల విడుతుంది. బాగా ఆరిన చెక్క తీసుకోండి. పట్టీ చివర కోసిన ముఖం జిగురును పీల్చేస్తుంది కనుక ముందు పలచగా ఒక పూత వేసి, కాసేపాగి మళ్లీ రాసి బిగించండి. జిగురు ఆరాక మూలకు అడ్డంగా రంపంతో గాడి కోసి పలచని చెక్క బద్ద దింపితే ఇంకా గట్టి.