వెలిసిపోయిన నల్ల ప్లాస్టిక్: పాలిష్ చాలా, కోటింగ్ వేయించాలా? టైర్లకు మెరుపు అవసరమా?

బీటీఎం బ్రెజ్జా:
బెంగళూరులో నా బ్రెజ్జా కారు కొన్నప్పటి నుంచీ రోడ్డు మీదే పార్కింగ్. పెయింట్ బాగానే ఉంది కానీ కింద క్లాడింగ్ (డోర్ల అడుగున, చక్రాల చుట్టూ ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ), వైపర్ల దగ్గరి ప్లాస్టిక్, వెనక బంపర్ కింది భాగం మాత్రం బూడిద పూసినట్టు తెల్లబడిపోయాయి. కార్లను శుభ్రం చేసి మెరుగుపెట్టే డీటెయిలింగ్ షాపులో సిరామిక్ కోటింగ్ (పైన గట్టిపడే పారదర్శక రక్షణ పొర) వేయించుకోమంటున్నారు, ఖర్చు వేలల్లో చెప్పారు. పొద్దున్నే కారు తుడిచే అబ్బాయేమో ఒక టైర్ పాలిష్ బాటిల్ తెప్పించండి సార్, టైర్లకీ దీనికీ అదే పూసేస్తా అంటాడు. ఆఫీసులో ఒకాయన హీట్ గన్ (బాగా వేడి గాలి ఊదే పరికరం) పెడితే పైసా ఖర్చు లేకుండా నల్లగా అయిపోతుందంటాడు. నా ఉద్దేశంలో పాలిష్ శుద్ధ దండగ, ఒక్క వానకు పోతుంది. వాడినవాళ్లు చెప్పండి.

హోసూర్ రోడ్ డైలీ:
దండగ ఎలా అవుతుంది బ్రో? కారు సామాన్లు అమ్మే జేసీ రోడ్డుకు పోతే కొన్ని వందలకే బాటిల్ దొరుకుతుంది, ఆదివారం పావుగంట పని. ప్లాస్టిక్ అన్నాక ఎండకు వెలుస్తుంది, దానికి వేలు పోయడం ఏంటి? నేను ట్యాక్సీ నడుపుతాను. ఎయిర్‌పోర్ట్ ట్రిప్పుకి బండి ఇంటి ముందు ఆగగానే కస్టమర్ కళ్లు పడేది బంపర్ మీదా టైర్ల మీదా. నల్లగా ఉంటే వీడు బండిని బాగా చూసుకుంటాడు అనుకుంటారు, తెల్లగా పాలిపోయి ఉంటే లోపల ఏసీ ఎంత బాగున్నా ముఖం మాడ్చుకునే ఎక్కుతారు. నాకు ఇది సోకు కాదు, బతుకుదెరువు.

జయనగర్ బకెట్:
ఇద్దరూ ఏం పూయాలి అన్న దగ్గరే ఆగిపోయారు. అసలు ఆ తెలుపు ఏమిటో ముందు తేల్చుకోండి, ఎందుకంటే సగం కార్లలో అది వెలిసిపోవడమే కాదు. మన దగ్గర అపార్ట్‌మెంట్లలో కారు కడిగేది ఎక్కువగా బోరు నీళ్లతో, అంటే ఉప్పు నీళ్లతో. ఆ నీళ్లు ఎండలో ఆరిపోతే అందులోని కాల్షియం గరుకు ప్లాస్టిక్ గుంటల్లో కూర్చుంటుంది. దాని మీద ఎంత ఖరీదైన పాలిష్ పూసినా ఆరగానే మళ్లీ తెలుపే. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి ఒక మూల గుడ్డతో అద్ది, రెండు నిమిషాలు ఉంచి, మంచి నీళ్లతో తుడిచి చూడండి. తెలుపు పోయిందంటే మీ ప్లాస్టిక్‌కి ఏ రోగమూ లేదు. బాడీకి వ్యాక్స్ వేసేటప్పుడు అంచులకు అంటుకుని ఎండిపోయిన పొడి ఇంకో రకం, అది పెన్సిల్ రబ్బరుతో రుద్దినా వచ్చేస్తుంది.

ఈ రెండూ కాకుండా, పొడిగా ఉన్న ప్లాస్టిక్ మీద వేలితో గట్టిగా రుద్దితే వేలికి సుద్దలా పొడి అంటుకుంటే, అప్పుడు అది నిజంగా వెలిసినట్టు. రంగు వేయని ఈ నల్ల భాగాలు చాలావరకు పాలీప్రొపిలీన్‌తో చేసినవి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైపొరలో ప్లాస్టిక్ గొలుసులు తెగిపోతాయి, కంటికి కనపడని పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్ల మీద వెలుతురు చెదిరిపోయి మనకు తెల్లగా కనిపిస్తుంది. అడుగున నలుపు అలాగే ఉంటుంది. బెంగళూరు చల్లటి ఊరు కదా అని ధీమాగా ఉంటాం కానీ ఆ కిరణాలకు చల్లదనంతో పని లేదు. పైగా మనం సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైనే ఉన్నాం, ఎత్తు 1000 మీటర్లు పెరిగితే వాటి తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం రోడ్డు మీద నిలబెట్టిన కారు గురించి ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పాలిష్ సంగతి. అది చేసేది ఆ పగుళ్లను సిలికాన్ నూనెతో నింపడం. తడిపినప్పుడు ప్లాస్టిక్ నల్లగా కనిపిస్తుంది చూడండి, అదే పని కాస్త ఎక్కువ రోజులు చేస్తుంది. అందులో తప్పేం లేదు, కానీ దాన్ని మరమ్మతు అనకండి. మురికి మీదే పూస్తే దుమ్మును పట్టుకుని ఇంకా జిడ్డు అవుతుంది. అది కరిగి పెయింట్ మీదికి కారి చారలు కడుతుంది, వాన పడ్డ మర్నాడు అద్దాల కింద డోర్ల మీద కనిపించే నల్ల గీతలు చాలాసార్లు అవే.

వైట్‌ఫీల్డ్ వీకెండ్:
ఆఫీసాయన చెప్పింది అబద్ధం కాదు. మా పాత కారు బంపర్‌కి హీట్ గన్ పెట్టాను, కళ్ల ముందే బూడిద రంగు మాయమై కొత్తదానిలా నల్లబడింది. నూనె లేదు, జిడ్డు లేదు. ఇంతకంటే ఏం కావాలి?

జయనగర్ బకెట్:
నల్లబడుతుందండి, నేనూ కాదనను. పాడైన పైపొర కరిగి మళ్లీ సర్దుకుంటుంది కాబట్టే ఆ నలుపు. కానీ పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, హీట్ గన్ సులువుగా 400 దాటుతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగితే ఆ చుక్కల గరుకుదనం పోయి నున్నగా మెరిసే మచ్చ పడుతుంది, దాన్ని ఇక ఎవరూ బాగు చేయలేరు. పక్కనే పెయింట్ ఉంటుంది, లోపల క్లిప్పులు ఉంటాయి, ఈమధ్య కార్లలో బంపర్ వెనకే పార్కింగ్ సెన్సర్లు. ఇంకోటి, ఎండను ఆపే రసాయనం ప్లాస్టిక్‌లో ఎప్పుడో అయిపోయింది, వేడి పెడితే అది తిరిగి రాదు కదా, అందుకే మళ్లీ వెలుస్తుంది. పారేసే బండి మీద ప్రయోగాలు చేసుకోవచ్చు, రోజూ నడిపే బ్రెజ్జా మీద వద్దు.

కేఆర్ పురం ట్యాంకర్:
కడగండి, తోమండి అని సులువుగా చెబుతున్నారు, నీళ్లేవి? 2024 మార్చిలో తాగే నీళ్లతో కార్లు కడగకూడదని బెంగళూరు జలమండలి ఆర్డర్ వేసి 5,000 జరిమానా పెట్టింది, మళ్లీ దొరికితే దాని మీద రోజుకు 500. 2025లో మళ్లీ అదే మాట. మా లేఔట్‌లో ట్యాంకర్ వస్తేనే స్నానాలు. ఈ పరిస్థితుల్లో ఒక గుడ్డా బాటిలూ పట్టుకుని పావుగంటలో పని ముగించే మనిషిని తప్పు పట్టడం నాకు నచ్చలేదు.

జయనగర్ బకెట్:
ఆయన్ని నేను తప్పు పట్టలేదండి. నీళ్ల మాట మాత్రం నిజమే, అందుకే పైపు పట్టమని ఎక్కడా అనలేదు. క్లాడింగ్ తోమడానికి అర బకెట్ బోరు నీళ్లు చాలు, లేదంటే అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీలో (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్) శుద్ధి చేసిన నీళ్లు. ఆల్ పర్పస్ క్లీనర్‌ని పదింతల నీళ్లలో కలిపి స్ప్రే బాటిల్‌లో పోసుకోండి, మెత్తటి బ్రష్‌తో చిన్న చిన్న భాగాలుగా రుద్దండి, నురుగు ఆరకముందే తడి మైక్రోఫైబర్‌తో తుడిచెయ్యండి. వైపర్ల కింది ప్లాస్టిక్‌కి పాత టూత్‌బ్రష్ కావాలి, అక్కడ ఆకుల పొడీ పుప్పొడీ సందుల్లో ముద్దకట్టి ఉంటాయి. గుడ్డ మడత మార్చి తుడిచినప్పుడల్లా దానికి అంటే రంగు తగ్గుతూ వస్తుంది, ఏమీ అంటనప్పుడే ఆపండి. చివర్లో ఆ తడి ఎండకు వదలకుండా పొడి గుడ్డతో తుడవాలి, లేకపోతే ఉప్పు మరకలు మళ్లీ మొదలు.

వేళచ్చేరి నుంచి:
చెన్నైవాణ్ణి, మధ్యలో దూరుతున్నా. టైర్ల గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు, నాకు అసలు కోపం అక్కడే. టైర్ పాలిష్ డబ్బా మీద ఎండ నుంచి రక్షణ అని రాస్తారు. టైరు నల్లగా ఉండేదే కార్బన్ బ్లాక్ వల్ల, అది ఎండను అప్పటికే బాగా ఆపుతుంది. రబ్బరును పక్కల్లో పగలగొట్టేది ప్రధానంగా గాలిలోని ఓజోన్. దానికి మందుగా తయారీలోనే మైనం, 6పీపీడీ లాంటి రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే అవి మెల్లగా పైకి ఊరి పొర కడతాయి. టైరు పక్కన కనిపించే గోధుమ రంగులో చాలావరకు ఆ పొరే ఉంటుంది. బండిని నెలల తరబడి కదపకుండా పెట్టి పైన మెరుపు పూస్తే టైరుకు ఒరిగేదేం లేదు, వారానికోసారి తిప్పితేనే మేలు. రోడ్డు పక్క వాటర్ వాష్‌లో కొందరు డీజిల్, కిరోసిన్ కలిపింది కొడతారు, అదైతే రబ్బరును ఉబ్బిస్తుంది, కింద ఉండే రబ్బరు బుషులను కూడా వదలదు. దయచేసి కొట్టనివ్వకండి.

హోసూర్ రోడ్ డైలీ:
అన్నా, డీజిల్ విషయం ఒప్పుకుంటా, నేనూ కొట్టనివ్వను. కానీ మెరుపే వద్దంటే ఎలా? మెరుపుతో టైరుకు లాభం లేకపోవచ్చు, నాకు ఉంది.

వేళచ్చేరి నుంచి:
పూయండి అన్నా, ఎవరు వద్దన్నారు. పాలలా తెల్లగా ఉండే నీళ్ల రకం తీసుకోండి, పెట్రోలియం వాసన కొట్టే జిడ్డు రకం వద్దు, అది రబ్బరులోని మైనాన్ని కరిగిస్తుంది. ముందు గట్టి బ్రష్‌తో నురుగు తెల్లగా వచ్చేదాకా తోమండి, తర్వాత స్పాంజితో పల్చగా పూసి, పది నిమిషాలు ఆగి మిగిలింది తుడిచెయ్యండి, లేకపోతే స్పీడ్ అందుకోగానే ఫెండర్ మీద చుక్కలు పడతాయి. స్ప్రే అయితే నేరుగా చక్రం మీద కొట్టకండి, బ్రేక్ డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదు. రోడ్డుకు ఆనే భాగానికి అస్సలు తగలకూడదు. ఇంట్లో బైకు ఉంటే దాని టైర్లకు మాత్రం ఏ పాలిషూ వద్దు, మలుపులో బైకు వాలేది ఆ అంచు మీదే.

ఇంకో మాట, సెకండ్ హ్యాండ్ కారు చూడడానికి వెళ్తే నిగనిగలాడే టైర్లను చూసి మురిసిపోకండి. గుడ్డతో ఆ జిడ్డు తుడిచి పక్కల్లో సన్న పగుళ్లు వెతకండి. టైరు పక్కన అచ్చువేసి ఉండే డాట్ (DOT) కోడ్ చివర నాలుగంకెలు చదవండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. వాడకం మొదలై అయిదేళ్లు దాటిన టైర్లను ఏడాదికోసారి చూపించుకోమని మిషెలిన్ చెబుతుంది, తయారై పదేళ్లయితే గాడి ఎంత మిగిలినా మార్చేయమంటుంది.

బీటీఎం బ్రెజ్జా:
వెనిగర్ పెట్టి చూశాను. వైపర్ల దగ్గర దాదాపు పోయింది, అంటే అదంతా ఉప్పు నీళ్లే. వెనక బంపర్ మాత్రం వేలికి పొడి అంటుతోంది. ఇప్పుడు దానికి కోటింగేనా? సొంతంగా వేసుకోవచ్చా?

జయనగర్ బకెట్:
వేసుకోవచ్చండి, కారు మొత్తానికి షాపులో డబ్బు పోయక్కర్లేదు. అంతగా వెలిసినదానికి పారదర్శకంగా ఉండే కోటింగ్ ఒక్కటే వేస్తే మచ్చలు మచ్చలుగా కనిపించొచ్చు, నల్ల రంగు కలిసిన రిస్టోరర్ (వెలిసిన ప్లాస్టిక్‌కి మళ్లీ రంగు తెచ్చే పూత) మేలు. తోమి, ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, లోపల పాత పాలిష్ జిడ్డు ఉంటే ఏదీ పట్టదు. పెయింట్ అంచులకు మాస్కింగ్ టేప్ వేయండి, చేతులకు గ్లవ్స్ వేసుకోండి, కింద కనపడని మూల ఒకసారి పూసి రంగు కలుస్తోందో లేదో చూసుకున్నాకే మిగతాది మొదలుపెట్టండి. నీడలోనే చెయ్యాలి, తర్వాత ఒక రోజంతా నీళ్లు తగలకూడదు. మే నెలలో మన దగ్గర సాయంత్రమయ్యేసరికి వాన దిగుతుంది కాబట్టి బేస్‌మెంట్ పార్కింగ్ ఉన్న ఫ్రెండ్ ఇంట్లో ఒక రాత్రి బండి పెట్టుకోవడానికి ముందే అడిగి ఉంచండి.