పంట నష్టం లిస్టు శాటిలైట్ మ్యాప్ చూసి రాయాల్నా, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) చెల్కల తిరిగి రాయాల్నా?

పరకాల పత్తిచేను:
2025 అక్టోబర్ల మొంథా తుఫాన్ గుర్తుంది కదా, 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటి 29 నాడు మొత్తం మన వరంగల్ దిక్కు కుమ్మరిచ్చింది, భీమదేవరపల్లిల 40 సెంటీమీటర్లు దాటింది. పంట పోయినోళ్లకు ఎకరాకు 10 వేలు అన్నరు, 33 శాతం కంటె ఎక్కువ పోతెనే లెక్కల రాస్తరు. మా ఊరి లిస్టు చూస్తె వాగు ఒడ్డుకు మునిగినోని పేరు లేదు, గుట్ట కింద పొడిగున్న చెల్క ఆయన పేరు మాత్రం ఉన్నది. అడిగితె సర్వే అయిపోయింది అన్నరు. ఇంకెన్నేండ్లు ఈ తిప్పలు? పైకెళ్లి శాటిలైట్ ఫొటో తీస్తది, దానికి చుట్టం లేడు పక్కం లేడు, మునిగిన సర్వే నంబర్లన్నీ కంప్యూటర్లనే తీసి పైసలు వెయ్యొచ్చు కదా. కాదనేటోళ్లు ఎందుకు కాదో చెప్పుర్రి.

జీఐఎస్ హన్మకొండ:
అన్నా నేను గీ శాటిలైట్ మ్యాపుల పనే చేస్త కాబట్టి కొంచెం పొడుగైతది. తుఫాన్ రోజు మామూలు ఫొటో తీస్తె మబ్బు తప్ప ఏం రాదు, అందుకే రాడార్ వాడుతరు. సెంటినెల్-1 అని యూరప్ వాళ్లది ఉంది, 5.6 సెంటీమీటర్ల తరంగాలు కిందికి పంపిస్తది, అవి మబ్బుల్లకెళ్లి దిగుతయ్, రాత్రా పగలా అని లేదు. నిలిచిన నీళ్లు నున్నగుంటయ్, తగిలిన సిగ్నల్ అటు దిక్కే జారిపోతది, తిరిగి రాదు, ఫొటోల ఆ జాగ నల్లగ పడ్తది. తుఫాన్‌కు ముందుదీ తర్వాతదీ రెండు ఫొటోలు పోల్చి కొత్తగ నల్లబడ్డది వరద అనుకోవాలె, ముందుది లేకుంటె పాకాల, రామప్ప, లక్నవరం చెరువులన్నీ మునిగిన పొలాలే అంటది.
గింతవరకు మంచిగనే ఉంది, పంచాయితీ అంతా టైం కాడ. ఒక శాటిలైట్ అదే దారిల మళ్ల రావాల్నంటె 12 రోజులు. ఈ సెంటినెల్-1 లనే 1బి అనేది 2021 డిసెంబర్ల చెడిపోయినంక 1ఎ ఒక్కటే మూడేండ్లు గుంజుకొచ్చింది, 2024 డిసెంబర్ల 1సి పైకి పోయింది. మన దేశానికి ఈఓఎస్-04 అనే రాడార్ శాటిలైట్ ఉంది, 2025 జులై 30న ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ గూడ పైకి పోయింది, బాలానగర్ ఎన్ఆర్ఎస్సీ (ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ సెంటర్) వాళ్లు దొరికిన ఫొటోలతోటి మ్యాపులు చేస్తరు, మరీ పెద్ద విపత్తయితె ఇంటర్నేషనల్ చార్టర్ (విపత్తుల శాటిలైట్ ఫొటోలు ఇచ్చుకునే దేశాల ఒప్పందం) కింద బయటి దేశాల ఫొటోలు గూడ వస్తయ్. అయినా గని ఆకేరు వాగు రాత్రి పొంగి పొద్దుగాల్ల దిగిపోతె, ఎల్లుండి సాయంత్రం వచ్చిన శాటిలైట్‌కు ఏం దొరుకుతది? పెండ్లి అయిపోయినంక వచ్చిన కెమెరామెన్‌కు ఖాళీ కుర్చీలే దొరుకుతయ్. ఆ మ్యాప్ పట్టుకొని నీ పొలం మునగలే అంటె ఏం జేస్తవ్? డెల్టాల నీళ్లు రోజులకు రోజులు నిలుస్తయ్, ఆడ నడుస్తది. మన వాగులు అట్ల కావు.

నర్సంపేట మక్క:
నీళ్లు నిలిస్తెనే నష్టమా ముందు అది చెప్పుర్రి. మా చెల్క ఎత్తు మీద ఉంది, బొట్టు నీరు నిలవలే, కాని పత్తి పగిలి ఏరుడుకు వచ్చిన టైంల రెండు రోజులు నానింది. కాయ చేతిల పట్టుకొని ఇప్పి చూస్తె దూది నల్లగ ముద్ద కట్టి లోపల గింజకు తెల్లగ మొలక. ఇది ఏ శాటిలైట్ చూసింది? హుస్నాబాద్ యార్డుల వడ్లు కాల్వలెక్క కొట్టుకపోయిన వీడియో అందరం చూసినం, ఆ వడ్లు ఏ సర్వే నంబర్ల ఉన్నయ్ మరి?

పరకాల పత్తిచేను:
మంచిగ చెప్పినవ్, కాని నీ కాయ ఏఈఓ ఇప్పి చూసిండా? మా దగ్గర రోడ్డు మీద బండి ఆపి, హోటల్ కాడ కూసున్నోళ్లను అడిగి రాస్కొని పోయిండు. నేను మనిషి కంటె మిషిన్ తెలివైనదని అంటలేను, అబద్ధం ఆడదు అంటున్న.

క్లస్టర్ కష్టాలు:
ఏఈఓనే రాస్తున్న, తిట్టేముందు ఇది చదువుర్రి. ఒక క్లస్టర్ అంటె సుమారు 5 వేల ఎకరాలు. కల్వర్టులు తెగి బండి పోదు, ఇటు కొనుగోలు సెంటర్ల టోకెన్ల పని, అటు రోజుల లెక్కన లిస్టు కావాలె అని ఫోన్లు. నాకు తెల్లారి ఒక మ్యాప్ ఇస్తె, తప్పులున్నా సరే, ముందు ఏ దిక్కు పోవాల్నో తెలుస్తది. అంతే కాని మ్యాపే లిస్టు అంటె నేను ఒప్పుకోను. అది పట్టాదారు ఎవడో చెప్పదు, కౌలుకు చేసినోడు ఎవడో అసలే చెప్పదు. చానా ఊర్ల నక్షల సర్వే నంబర్ గీత ఉంటది గని బై నంబర్ల (ఒక నంబర్ల పంచుకున్న ముక్కల) హద్దులు ఉండయ్. ఒకే నంబర్ల ఆరుగురు ఉంటె సగం మునిగింది అంటె ఎవ్వరి సగం?

జీఐఎస్ హన్మకొండ:
సార్ చెప్పింది కరెక్ట్. ఇంకోటి, సెంటినెల్ ఫొటోల ఒక్క గడి 10 మీటర్లు, ఎకరంకు 40 గడులు వస్తయ్, అసలు స్పష్టత 20 మీటర్ల దాక పోతది. పది గుంటలోని మడి అయితె అంచు గడులల్లనే సగం పోతది.

హంటర్ రోడ్:
పొలాలు సరే, మా దిక్కు ఇండ్లల్ల నీళ్లు వచ్చినయ్, ఎన్టీఆర్ నగర్ దిక్కు మొత్తం మునిగింది, అది కనపడ్తదా?

జీఐఎస్ హన్మకొండ:
కష్టం. టౌన్ల సిగ్నల్ నీళ్ల మీద పడి గోడకు తగిలి వెనక్కి వస్తది, నల్లగ కాకుండ ఇంకా తెల్లగైతది. నలుపు చూసి లెక్క కట్టే పద్ధతిల మీ గల్లీ పొడిగున్నట్టే.

మోరంచ ఒడ్డు:
2023 జులైల మా మోరంచపల్లి సంగతి తెలిసిందే, జనం మిద్దెలెక్కి కూసున్నరు. వరద గంటలల్ల పోయింది కాని పొలాలల్ల ఇసుక మేటలు పడ్డయ్. దాని గురించి ఎవ్వరు మాట్లాడరేంది? ఇసుక ఎక్కడికీ పోదు, మబ్బు పోయినంక మామూలు ఫొటోల గూడ తెల్లగ మెరుస్తది, నెల తర్వాత తీసినా ఉంటది. మునిగింది ఎంత అనేది కొట్లాట పెట్టుకోర్రి, మేటలు మాత్రం శాటిలైట్ మీదనే ఇయ్యొచ్చు.

జీఐఎస్ హన్మకొండ:
దీనికి నేను ఒప్పుకుంట. రాడార్‌తోటి మాత్రం చెయ్యొద్దు, ఎండిన ఇసుక గూడ నల్లగనే పడ్తది, మానేరు ఇసుక చూసి నీళ్లు అనుకుంటది. మామూలు ఫొటోలు తీసే సెంటినెల్-2 ల గడి 10 మీటర్లది, రెండు శాటిలైట్లు కలిసి 5 రోజులకొకసారి వస్తది, అది చాలు.

పరకాల పత్తిచేను:
అయితె నా మాట ఇట్ల మార్చి చెప్త. లిస్టు ఏఈఓనే రాయనియ్, మ్యాప్ గూడ పంచాయితీ ఆఫీసు గోడకు లిస్టు పక్కకే అతికియ్యాలె, ఫొటో ఏ తారీఖు ఏ టైంల తీసిందో పెద్దగ రాసి. నల్లగున్న కాడ పేరు లేకుంటె ఎందుకు లేదో రాతల జవాబు ఇయ్యాలె.

నర్సంపేట మక్క:
మరి మ్యాపుల నల్లగ లేనోడు, నా అసొంటోడు, ఏమని అడగాలె? గోడ చూపిచ్చి పో అంటరు. ఒక్కసారి అతికిచ్చిన్రంటె అదే ఫైనల్ అయితది, నేను ఒప్పుకోను.

క్లస్టర్ కష్టాలు:
మక్క అన్న భయం నిజమే. మ్యాపుల ఉంటె చేర్చుడుకు వాడాలె, లేదని తీసేసుడుకు వాడొద్దు, ఇది ఆర్డర్లనే రాయాలె. రాయకుంటె పై ఆఫీసుల వాళ్లు సీదా మ్యాప్ చూసి కొట్టేస్తరు, నేను గ్యారంటీ.

పరకాల పత్తిచేను:
జీఐఎస్ తమ్మీ, మా వాగు కాడ ఆ వారం ఏ ఫొటో దొరుకుతదో చూసి చెప్తవా? సర్వే నంబర్ పెడ్త.

జీఐఎస్ హన్మకొండ:
సెంటినెల్ ఫొటోలు ఫ్రీనే, చూస్త. సర్వే నంబర్ ఇక్కడ పెట్టకు అన్నా, మెసేజ్ చెయ్. వాగు ఏ దిక్కుంది, నీళ్లు ఎప్పుడొచ్చినయ్ ఎప్పుడు దిగినయ్, అది గంటతో సహా రాయ్.