తాతగారి బర్మా నడక, మావాడి ఏడీహెచ్‌డీ: మీ ఇళ్లలో ఇలాంటివి ఉన్నాయా?

మూడో తరం, తండయార్‌పేట
మా అబ్బాయి మూడో తరగతి. ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) అని ఈమధ్యే తేల్చారు. డాక్టర్ గారు కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే మొదట నాన్నగారు గుర్తొచ్చారు, ఆ వెనకే తాతగారు. నాన్నగారు ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవలేదు. తాతగారు రంగూన్ రేవులో మేస్త్రీ కింద మూటలు మోసి, 1942లో జపాన్ సైన్యం వస్తుంటే నడిచి వచ్చేశారు. నేను చూసిన తాతగారు అన్నం తింటూ మధ్యలో లేచి, ఎంగిలి చేత్తోనే వీధి గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చేవారు. తలుపు వెనక మేకుకు ఒక గోనెసంచి వేలాడేది. అందులో అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె, ఒక పంచె. ఎవరైనా దాన్ని కదిపితే ఇల్లు దద్దరిల్లేది.

ఆ యుద్ధ భయమే రక్తంలో దిగి మావాడి దాకా వచ్చిందా? పిల్లలకు మందు మొదలుపెట్టినవారు ఆకలి తగ్గే సంగతి కూడా చెప్పండి. ఉత్తర చెన్నైలో తెలుగు మాట్లాడే నిపుణులు ఎవరైనా ఉన్నారా?

చూళైమేడు అమ్మ
యుద్ధం సంగతి నాకు తెలియదు. మా అమ్మాయికి తొమ్మిదో తరగతి దాకా ఎవరూ కనిపెట్టలేదు. అల్లరి చేయదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. అందుకని స్కూల్లో 'మందబుద్ధి' అన్నారు, ఇంట్లో పెద్దవాళ్లు 'సోమరి' అన్నారు. గంతులేసే మగపిల్లాడినే అందరూ గమనిస్తారు. పరధ్యానంగా ఉండే ఆడపిల్ల ఎవరి లెక్కలోకీ రాదు. తరవాత పరీక్షలు చేయించుకుంటే నాకూ ఉందని తేలింది. నా చిన్నతనమంతా తిట్లు తిన్నాను. తాతలను తవ్వేముందు తల్లులను పరీక్షించండి.

పెరంబూరు మేష్టారు
నేను జీవితమంతా పాఠాలు చెప్పినవాణ్ణి. మా రోజుల్లో ఈ జబ్బు లేదు. క్రమశిక్షణ ఉండేది. ఫోను తీసేయండి, తెల్లవారుజామున లేపి చదివించండి.

తరమణి జన్యువు
మేష్టారూ, మీ రోజులకు చాలా ముందే ఉంది. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ ఇలాంటి పిల్లలకు ఉత్తేజక మందు ఇచ్చి చూస్తే చదువులో కుదురు వచ్చింది. అప్పటికి ఇళ్లలో టీవీలు కూడా లేవు.

జన్యుశాస్త్రం నా వృత్తి, కనుక అసలు ప్రశ్నకు గట్టిగానే చెబుతాను. కవలల మీద చేసిన అధ్యయనాలు ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం వాటా 70 నుంచి 80 శాతం అంటున్నాయి. అంటే మనిషి ఎత్తులో వంశపారంపర్యానికి ఉన్నంత వాటా కాకపోయినా దానికి దగ్గర. 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం జన్యువుల్లో దీనితో ముడిపడిన 27 చోట్లను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. మూడు తరాల్లో కనబడటానికి ఈ మామూలు వారసత్వమే చాలు. యుద్ధాన్ని పిలవనక్కరలేదు.

రంగూన్ మనవడు
పిలవనక్కరలేదా? యుద్ధం దానంతటదే వచ్చిందండీ! 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి చిక్కింది. నాలుగైదు లక్షల మంది కాలినడకన బయలుదేరారు. కలరాకు, ఆకలికి దారిలో వేలల్లో పోయారు. ప్రోమ్ నుంచి తౌంగుప్ కొండలు దాటి చిట్టగాంగ్‌కు కొందరు, తము దారిలో ఇంఫాల్‌కు కొందరు. తెల్లవాళ్లకు మంచి దారి, మనవాళ్లకు చావు దారి అని అప్పుడే దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ నడక నడిచినవాళ్ల పిల్లల్లో ఏమీ మిగలదని ఏ ప్రయోగశాలలో తేల్చారు?

గోదారి గట్టు
ఒక మాట. మా తాతగారు కూడా రంగూన్ నుంచే వచ్చారు, ఓడలో వచ్చారు. 1942 మొదట్లో ఓడలు తిరిగాయి. కాకినాడకు, విశాఖకు, మద్రాసుకు దిగారు. అందరూ 'నడిచి వచ్చారు' అని చెప్పుకోవడం ఈమధ్య అలవాటైపోయింది. తౌంగుప్ దారి పట్టినవాళ్లు తండయార్‌పేటలో ఎలా తేలారు?

మూడో తరం, తండయార్‌పేట
చిట్టగాంగ్ నుంచి కలకత్తా, కలకత్తా నుంచి రైల్లో వాల్తేరు, అక్కడి నుంచి మద్రాసు. తాతగారి చెల్లెలు దారిలోనే చనిపోయింది. చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదండీ, ఆయన నోరు విప్పిందే తక్కువ.

రంగూన్ మనవడు
గోదారి గట్టు గారూ, ఓడ టిక్కెట్టు ఎవరికి దొరికిందో కూడా చెప్పండి. పై తరగతుల టిక్కెట్టు కొనగలిగిన గుమాస్తాలకు, వ్యాపారులకు దొరికింది. డెక్కు మీద ప్రయాణించే రేవు కూలీకి దొరకలేదు. పన్నెండేళ్ల ముందు, 1930 మేలో, అదే రేవులో తెలుగు కూలీలను వెంటాడి చంపితే వాళ్లకు దిక్కు లేకపోయింది. 42లో ఎవరు పట్టించుకుంటారు? మీ తాతగారు సుఖంగా వచ్చారు, సంతోషం. నడిచి వచ్చినవాళ్ల మాటను అబద్ధమనకండి.

గోదారి గట్టు
సుఖంగానా? దుకాణం వదిలి, కట్టుబట్టలతో దిగారు. దిగాక కూడా భయమే. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. ఈ మద్రాసు నగరమే సగం ఖాళీ అయింది. జంతు ప్రదర్శనశాలలో క్రూర మృగాలు తప్పించుకుంటాయని కాల్చి చంపారు. మా వాళ్లూ యుద్ధం చూశారు. మా ఇంట్లో ఎవరికీ ఏడీహెచ్‌డీ లేదు! దీనికేమంటారు?

పెరంబూరు మేష్టారు
పరీక్ష చేయించారా, లేక మీ అంతట మీరే లేదనుకుంటున్నారా? ఇప్పటిదాకా ఈ జబ్బే లేదన్నవాణ్ణి, అయినా ఈ ప్రశ్న అడగాలనిపించింది.

మూడో తరం, తండయార్‌పేట
దయచేసి మందు సంగతి ఎవరైనా చెప్పండి.

వలస పక్షి, వేళచ్చేరి
నా అనుమానం వేరు. మీరంతా యుద్ధం మనుషులను నిలకడ లేనివాళ్లను చేసిందా అని అడుగుతున్నారు. అసలు రంగూన్ ఓడ ఎక్కినవాళ్లు ఎవరు? అప్పు, కరువు అందరికీ ఉన్నాయి. ఊరంతా ఓడ ఎక్కలేదు. ఒక చోట కూర్చోలేనివాడు, రేపటిని లెక్క చేయనివాడు ముందు ఎక్కాడు. వేటగాళ్లకు పనికొచ్చిన చురుకుదనం సేద్యం వచ్చాక లోపంగా కనిపించిందని 1990ల నుంచి ఒక వాదం ఉంది కదా. మా ఇంట్లో అందరూ వలస పోయినవాళ్లే. నేను నాలుగు దేశాలు తిరిగి ఇక్కడికి వచ్చాను, నాకూ ఏడీహెచ్‌డీ ఉంది. నాకిది లోపంలా అనిపించదు.

చూళైమేడు అమ్మ
మీకు అనిపించకపోవచ్చు. లెక్కల పరీక్షలో ప్రశ్నపత్రం వెనక పేజీ చూడటం మరిచిపోయి ఏడ్చిన పిల్లకు అనిపిస్తుంది. గ్యాసు ఆర్పడం మరిచిపోయే తల్లికి అనిపిస్తుంది. వేట, వీరత్వం అని మా కష్టాన్ని అలంకరించకండి.

తరమణి జన్యువు
వలస పక్షి గారు పట్టుకున్నది మంచి కొస. మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకానికి సంబంధించి డీఆర్‌డీ4 అనే జన్యువు ఉంది. సుదూరం వలస వెళ్లిన జనసమూహాల్లో దాని పొడవైన రూపాలు ఎక్కువగా ఉన్నాయని 1999లో ఒక అధ్యయనం వచ్చింది. 2008లో కెన్యాలోని అరియాల్ పశుపాలకులను పరిశీలించారు. ఇంకా మందలతో తిరిగేవారిలో ఆ రూపం ఉన్నవారు ఒంటికి పుష్టిగా ఉన్నారు. ఊళ్లో స్థిరపడినవారిలో అదే రూపం ఉన్నవారు చిక్కి ఉన్నారు. ఒకే జన్యువు, బతుకు మారితే ఫలితం తిరగబడింది. అలాగని ఒక్క జన్యువుతో ఏడీహెచ్‌డీని వివరించలేం. వేటగాడి కథ వినడానికి బాగుంటుంది, రుజువు కాలేదు.

ఇక యుద్ధం. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో జర్మన్ల దిగ్బంధం వల్ల కరువు వచ్చింది. ఆ కరువు తీవ్రంగా ఉన్నప్పుడు తల్లి కడుపున పడినవారిలో స్కిజోఫ్రేనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ముప్పు దాదాపు రెట్టింపు ఉంది. అరవై ఏళ్ల తరవాత కూడా వాళ్ల డీఎన్‌ఏ మీద రసాయన ముద్రల్లో తేడా కనిపించింది. అది కడుపులో ఉన్న బిడ్డకు నేరుగా తగిలిన ఆకలి. తాత భయపడితే మనవడికి ఏడీహెచ్‌డీ రావడం వేరే సంగతి, దానికి అలాంటి ఆధారం లేదు.

రంగూన్ మనవడు
ఫిన్లండ్ సంగతి ఎందుకు దాటేశారు? యుద్ధంలో తల్లిదండ్రులను వదిలి స్వీడన్‌కు పంపిన పిల్లలు పెద్దయ్యాక, వాళ్లలో తల్లులైనవారి కూతుళ్లకు మానసిక వ్యాధులతో ఆసుపత్రి పాలయ్యే ముప్పు ఎక్కువని 2018లో తేలింది కదా. రెండో తరం! అచ్చంగా యుద్ధమే!

తరమణి జన్యువు
ఆ కూతుళ్లలోనే తేలింది. కొడుకుల్లో లేదు, చిన్నప్పుడు స్వీడన్‌కు వెళ్లింది తల్లి కాక తండ్రి అయిన ఇళ్లలోనూ లేదు. పైగా ఎక్కువగా మూడ్ వ్యాధులు (కుంగుబాటు వంటివి), ఏడీహెచ్‌డీ కాదు. గాయపడిన తల్లి పెంపకం వల్లా రావచ్చు. పూర్తిగా చదివి రాయండి.

రంగూన్ మనవడు
చదవకుండా రాశానని మీకెవరు చెప్పారు? సరే, మా తాతగారినే తీసుకోండి. వడ్లమిల్లులో లెక్కలు రాసిన మనిషి. దస్తూరీ ముత్యాల కోవ. నడక తరవాత ఒక చిట్టా పుస్తకం కూడా పూర్తి చేయలేకపోయారు. అది ఏ జన్యువు?

తరమణి జన్యువు
అది గాయం. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు పన్నెండేళ్లలోపే కనబడాలి. పెద్దయ్యాక యుద్ధం వల్ల మనసు చెదిరితే ధ్యాస నిలవకపోవడం, ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం వస్తాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మీ తాతగారి బాధను నేను తక్కువ చేయడం లేదు. దానికి వేరే పేరు, వేరే చికిత్స ఉన్నాయి.

మూడో తరం, తండయార్‌పేట
ఇదంతా చదివి నిన్న విశాఖలో ఉన్న మా మేనత్తకు ఫోను చేశాను. కంచరపాలెం దగ్గర ఉంటారు, ఎనభై దాటారు. తాతగారు చిన్నప్పుడు వీధి బడి నుంచి రోజూ పారిపోయేవారట. పంతులుగారు కోదండం వేస్తే (తాడుకు వేలాడదీసే శిక్ష) కూడా నిలవలేదట. ఇంట్లో చెప్పకుండా ఓడ ఎక్కేశారట, అప్పటికి మీసం కూడా రాలేదు. అంటే మావాడి చంచలత్వం యుద్ధం కంటే ముందుది. గోనెసంచి మాత్రం యుద్ధానిది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటంతో నేను కలిపేసి చూశాను. నాన్నగారికి రెండూ తగిలాయి: తండ్రి నుంచి వచ్చిన స్వభావం, ఆ తండ్రి ఇంట్లో పెరిగిన భయం. ఆయన్ని నేను ఎన్నో మాటలు అన్నాను.

గోదారి గట్టు
మీ మేనత్తగారిని ఏ రేవులో ఎక్కారో అడగండి. కాకినాడా, విశాఖా? ఆ ఓడల వివరాలు నేను చాలాకాలంగా పోగు చేస్తున్నాను. నడక గురించి నేను అన్న మాట మీకు నొప్పి కలిగించి ఉంటే మన్నించండి. వారు చెప్పేది రాసిపెట్టండి, ఆ తరం మిగలదు.

చూళైమేడు అమ్మ
మూడో తరం గారూ, మీ అసలు ప్రశ్న ఇంతమందిలో ఎవరూ ముట్టుకోలేదు. మాకు ఇచ్చింది మిథైల్‌ఫెనిడేట్. మధ్యాహ్నం ఆకలి నిజంగానే చస్తుంది. మాత్ర వేయకముందే కడుపునిండా ఇడ్లీయో పొంగలో పెట్టండి. డబ్బాలో అన్నం తిరిగి వస్తే తిట్టకండి. సాయంత్రం ప్రభావం దిగాక తింటుంది, అప్పుడు మళ్లీ పెట్టండి. ఎత్తు, బరువు, రక్తపోటు డాక్టర్ గారు ప్రతిసారీ చూడాలి, చూడకపోతే మీరే అడగండి. ఈ మందు మీద చట్టపరమైన నియంత్రణ ఉంది కనుక అన్ని దుకాణాల్లో ఉండదు. చీటీ రాసినప్పుడే ఎక్కడ దొరుకుతుందో అడిగి, డబ్బా అయిపోకముందే కొనండి. తెలుగు మాట్లాడే డాక్టర్ పేరు విడిగా సందేశం పంపుతాను.